అది మైక్‌సెట్ తాత గొంతు కాదు

మా మైక్‌సెట్ తాత మార్గళి నెలలో ఒక మంగళవారం పొద్దున పోయారు. సూలూరు పక్కన ఉన్న మా తెలుగు ఊళ్ళో చాలామందికి ఆ కబురు ఫోన్‌లోనే అందింది. ఊరి గ్రూపులో ఆయన ఫోటో పెట్టారు. దాని కింద తమిళంలో రెండు వరుసలు, ఆ కింద ఒక ఆడియో. "ఆయన గొంతు ఇదే, అందరూ వినండి" అని రాశారు. ఆ ఆడియో తయారు చేసింది నేను.

ఈ మాటలు ఇప్పుడే ఎందుకు రాయవలసి వచ్చిందో ముందే చెప్తాను. ఫిబ్రవరిలో వచ్చే మాసి నెల పండుగకు మా గుడిలోనే కాక, బోడినాయకనూరు వైపు, మదురై వైపు ఉన్న మనవాళ్ళ గుళ్ళలో కూడా ఆ ఆడియోనే వేయాలని పెద్దలు నిర్ణయించారు. పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కిస్తున్నారు. కానీ అది ఆయన గొంతు కాదు. ఆయన గొంతులో నుంచి నేను కొంత తీసి పారేస్తే మిగిలిన ముక్క. ఆ సంగతి మా ఊరి బయట ఎవరికీ తెలియదు. పండుగ అయిపోయాక చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు.

తాత మాకు చుట్టం కాదు. స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మిల్లు పనితో పాటే చిన్నప్పటి నుంచి మైక్‌సెట్ నడిపారు. రెండు పెద్ద గొట్టం స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్, గుండ్రటి తల ఉన్న ఒక మైకు. పెళ్ళయినా, చెవులు కుట్టినా, ఎవరైనా పోయినా ఆయన సైకిల్ మీద ఆ గొట్టాలు వచ్చేవి. తర్వాత పెద్ద పెద్ద బాక్సులు, రంగు లైట్లు వచ్చాయి. తాత గొట్టాలు ఇంటి అటక ఎక్కాయి. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. అయినా ఊళ్ళో ఎవరి ఫ్యాను ఆగినా, మిక్సీ ఆగినా ఆయన గుడ్డసంచీ పట్టుకుని వచ్చేవారు. సంచీలో టెస్టరు, స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ కడ్డీ, ఒక పాత బనియను గుడ్డ. పని అయ్యాక ఆ గుడ్డతో చేతులు తుడుచుకునేవారు కాదు, బాగు చేసిన వస్తువును తుడిచేవారు.

ఊరికి ఆయన చేసే పని ఇంకొకటి ఉండేది. ఈ పత్రిక చదివే మిగతా ఊళ్ళవారికి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నాను. మాసి పండుగనాడు మా ఇలవేల్పు ముందు ఇంటిపేర్లు పిలుస్తారు. పాత కాలంలో ఆంధ్ర నుంచి ఏయే ఇళ్ళవాళ్ళు ఇటు వచ్చారో ఆ పేర్లన్నీ వరుసగా పిలవాలి. పేరు వినగానే ఆ ఇంటివాళ్ళు "ఉండాము" అని గట్టిగా పలికి, ముందుకు వచ్చి, గంపలో పిడికెడు జొన్నలు వేయాలి. అన్ని పిడికిళ్ళూ పడ్డాక ఆ జొన్నలు దంచి ఒకే కుండలో వండుతారు. అందరూ తింటారు. పేర్లు కాగితం మీద లేవు. తాతకు వాళ్ళ నాన్న నేర్పారు, ఆయనకు ఆయన నాన్న. నలభై చిల్లర పేర్లు. ఊళ్ళో మాకు తెలుగు మాట్లాడడం వచ్చు గానీ రాయడం రాదు. బడి అంతా తమిళమే. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నదే కాలేజీ అయ్యాక, ఫోన్‌లో చూసి.

మా ఇంట్లో బడికి వెళ్ళినవాళ్ళలో నేనే మొదలు. అమ్మ మిల్లులో నూలు చుట్టే కోన్ వైండింగ్, నాన్న మరమగ్గం. పీలమేడులో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పాఠాలు రికార్డు చేసే ఉద్యోగం ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. కంప్యూటర్‌లోనే ఇంటర్వ్యూ అన్నారు. చెప్పిన టైముకు ఇంకా గంట ఉందనగా నా మైకు పనిచేయడం మానేసింది. నేను మాట్లాడుతున్నాను, తెర మీద గీత కదలడం లేదు. తీసి పెట్టాను, మళ్ళీ తీసి పెట్టాను. ఏడుపొచ్చింది. మా అమ్మకు కంప్యూటర్ తెలియదు. మైకు అన్న మాట మాత్రం తెలుసు. వెంటనే పోయి తాతను పిలుచుకొచ్చింది.

తాత చెప్పులు విడిచి, నా ముందు కింద కూర్చున్నారు.

"ఏమి అమ్మణీ, ఎందుకు ఇంత పదట్టం, కంగారు? గొంతు ఉండాదా నీకు?"

"ఉంది తాతా. మైకే పట్టడం లేదు."

"మైకును తిట్టొద్దు. ముందు నోరు చూడాల. అప్పురం తీగె. అప్పురం పెట్టె. ఒక్కటొక్కటిగా రావాల. నువ్వు అన్నీ ఒకేసారి పీకుతుండావు."

మైకు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టి గోటితో మీటారు. తీగ మొదలు నుంచి చివరిదాకా వేళ్ళ మధ్య నలిపి చూశారు. ఎక్కడా తెగలేదు. తర్వాత ల్యాప్‌టాప్‌ను ముందుకు, వెనక్కి తిప్పి చూసి, నన్ను అడిగారు.

"ఈ పెట్టెకు ఎన్ని చెవులు?"

"చెవులా?"

"ఇది ఎవరి మాట వింటా ఉండాదో చూడు. మైకు మంచిది, తీగె మంచిది. అంటే పెట్టె ఇంకో దిక్కు వింటా ఉండాది."

సెట్టింగ్స్ తెరిచాను. ల్యాప్‌టాప్‌కు సొంత మైకు ఒకటి, నేను తగిలించిన మైకు ఒకటి. ఇవి కాక మూడోది ఒకటి ఉంది. ముందురోజు గొంతు మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకుని ఆడుకున్నాను. అది తనే ఒక మైకులాగా లోపల కూర్చుని ఉంది. కంప్యూటర్ దాన్నే వింటోంది.

"మూడు, తాతా."

"మూడా! రావణుడికి ఇరవై ఉండె, వాడికంటే మేలే." మా అమ్మ నవ్వింది. "ఏది కావాలో దాన్ని మాత్రం తెరిచి పెట్టు, మిగతా రెండూ మూసెయ్."

నేను తొందరలో ఆ మూడోదాన్ని మూయబోయి, గొంతు మార్చే సాఫ్ట్‌వేర్‌నే నడిపించాను. గీత కదిలింది. "హలో" అన్నాను. స్పీకర్‌లో నుంచి బావిలో దిగినవాడి గొంతుతో ఒక మగవాడు "హలో" అన్నాడు. తాత ఒక్క క్షణం నా మొహం వంక చూసి పడీపడీ నవ్వారు.

"ఈ గొంతుతో పోతే నిన్ను సెక్యూరిటీగా పెట్టుకుంటారు అమ్మణీ!"

ఆ మూడో చెవి మూశాను. నా గొంతు నాకు వచ్చింది. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆయన మా గుమ్మం బయట కూర్చుని, వీధిలో హారన్ కొట్టే వాళ్ళను చేతితో ఆపుతూ ఉన్నారని తర్వాత అమ్మ చెప్పింది. ఉద్యోగం వచ్చింది. స్వీటు పట్టుకుని వెళ్తే ఆయన ఒక ముక్క తీసుకుని, డబ్బా నాకే ఇచ్చి, "వాళ్ళ మైకు ఎట్లాటిది? తల గుండ్రంగానా, పొడుగ్గానా?" అని అడిగారు. ఆయనకు అదే ముఖ్యం.

ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో నాకు ఇంకో చిక్కు వచ్చింది. మా గోడకు ఆనుకుని పక్కింటివాళ్ళ మరమగ్గాల షెడ్డు. పొద్దున ఆరు నుంచి టకటకా టకటకా. మాకు అది వినిపించనే వినిపించదు, పుట్టినప్పటి నుంచి ఉన్నదే. ఆఫీసువాళ్ళకు మాత్రం అదే వినిపిస్తుంది. నేను సెట్టింగులు నేర్చుకున్నాను. ఒక హద్దు పెడతాం, ఆ హద్దుకంటే చిన్న శబ్దం ఏది వచ్చినా తలుపు మూసుకుంటుంది. మాట వచ్చినప్పుడు తెరుచుకుంటుంది. ఇంకొక పరికరం ఉంది. ఒక్క మగ్గం చప్పుడే ఉన్న చోటు దానికి చూపిస్తే చాలు, మొత్తం రికార్డింగులో అలాంటిది ఎక్కడున్నా ఏరి పారేస్తుంది. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళకు నేనే నేర్పేదాన్ని. గర్వంగా తాతను పిలిచి హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాను.

"తరి ఆపేసినారా పక్కింట్లో?" అన్నారు. మగ్గాన్ని మేమందరం తరి అనే అంటాం.

"లేదు తాతా, తిరుగుతానే ఉంది. నేను తీసేశాను."

హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి జరిపి నిజం మగ్గాన్ని విన్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ జరిపారు.

"సత్తం పోయింది సరి. తీసినదాన్ని ఏమి చేసినావు?"

"ఏం చేస్తాను? పోయింది అంతే."

"అట్ల కాదు. మిల్లులో మిషను విప్పి బిగిస్తిమి అనుకో, కింద పడిన దుమ్ము, నట్టు, దూది పంచు అన్నీ ఒక తట్టలో వేసి చూస్తాము. చూసినాకనే పారేస్తాము. ఒక్కోసారి మంచి స్క్రూ దాంట్లో ఉంటాది. తీసేసిన దాన్ని ఒకతూరి చూసి పారెయ్యాల, అమ్మణీ."

ఆ సాఫ్ట్‌వేర్‌లో అందుకు ఒక బొత్తాం ఉంది. ఏం తీసేయబోతున్నదో దాన్ని మాత్రమే వినిపిస్తుంది. నాకు తెలుసు. కొత్తవాళ్ళకు నేర్పేటప్పుడు కూడా చెప్పేదాన్ని, "ముందు ఇది వినండి, మాట ఏదైనా పోతుందేమో చూసుకోండి" అని. నేను మాత్రం వినేదాన్ని కాదు. నాకు చేయి తిరిగిపోయిందని అనుకునేదాన్ని.

తాత గొంతు చెడడం మొదలైంది ఆ తర్వాతే. మాట మధ్యలో గాలి వచ్చేది. డాక్టరు గట్టిగా మాట్లాడొద్దన్నారు. పండుగ పెద్దలు భయపడ్డారు. ఆయన గొంతు పోకముందే పేర్లన్నీ రికార్డు చేసి పెట్టమని నన్ను అడిగారు. మా నాన్నకు ఆరోజు ఉన్నంత సంతోషం నా ఉద్యోగం రోజున కూడా లేదు. ఊరిపెద్దలు మా ఇంటి గుమ్మంలోకి వచ్చి నన్ను పని అడిగారు మరి.

తాత వరుసగా మూడు పొద్దులు వచ్చారు. వేడినీళ్ళ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని, మైకు ముందు నిటారుగా కూర్చునేవారు. "ఎర్రబావివారూ..." అని పిలిచి ఆగేవారు. చాలాసేపు ఆగేవారు. తర్వాత "మూడుమోటలవారూ..." అది ఆయన ఇల్లే. మళ్ళీ ఆగేవారు. గొంతుకు అలసట అనుకున్నాను. కొన్ని పేర్ల తర్వాత తల పక్కకు తిప్పి, మైకుకు దూరంగా, పెదవులు కదిపేవారు. దగ్గు అణుచుకుంటున్నారు అనుకున్నాను. నేను తెర మీద గీతలు చూస్తున్నాను గానీ ఆయన్ను చూడలేదు. మూడోరోజు ఒక చోట ఆగి, నా వైపు తిరిగి, "వస్తా ఉండాదా అన్నీ?" అని అడిగారు. "అన్నీ వస్తున్నాయి తాతా" అన్నాను.

ఆ రికార్డింగు అంతా కలిపి ముప్పావుగంట పైన ఉంది. నేను కూర్చుని శుభ్రం చేశాను. మగ్గం తీసేశాను. ఊపిరి తీసేశాను. హద్దు బాగా ఎత్తి పెట్టాను. చిన్న శబ్దం అంటూ ఏదీ మిగలకూడదని. ఖాళీలను తనే కత్తిరించే పరికరం ఉంటుంది, దానితో పేరుకూ పేరుకూ మధ్య ఒక్క సెకను మాత్రం ఉంచాను. గొంతు జీరగా ఉందని కాస్త కిందికి దించాను, గంభీరంగా ఉంటుందని. గుడి మండపంలో ఉన్నట్టు మారుమోత పెట్టాను. అంతా అయ్యాక నాలుగు నిమిషాలు వచ్చింది. ముప్పావుగంటను నాలుగు నిమిషాలు చేశానని సంబరపడ్డాను. అదే పేరుతో పాతదాని మీదనే భద్రం చేశాను. ఆఫీసు ఫైళ్ళకు చోటు లేదని మిగతా ముక్కలు కూడా తుడిచేశాను.

తాతకు వినిపించాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు.

"తేటగా ఉండాది అమ్మణీ. బాగా ఉండాది." కళ్ళు తెరిచారు. "వాళ్ళు లేరే?"

"ఎవరు తాతా?"

అప్పుడే నాకు ఆఫీసు నుంచి కాల్ వచ్చింది. చేతితో ఒక్క నిమిషం అని సైగ చేశాను. కాల్ అయ్యేసరికి ఆయన లేచి చెప్పులు వేసుకుంటున్నారు. "ఎవరు లేరన్నారు తాతా?" అంటే, "ఒణ్ణుం లేదు, ఏమీ లేదు లే, నీ పని చూసుకో" అన్నారు.

పోయిన ఏడు మాసి పండుగ. గుడి ముందు అద్దె బాక్సులు పెట్టారు. పెన్‌డ్రైవ్ తగిలించారు. మొదటి పేరు వినిపించగానే జనం ఒక్కసారిగా "ఆహా" అన్నారు. అంత గంభీరంగా వచ్చింది. "సినిమా మాదిరి ఉందే!" అని ఎవరో అరిచారు. ఎర్రబావివారు అని వచ్చింది, వెంటనే మూడుమోటలవారు, వెంటనే తూర్పుదొడ్డివారు. ఇంటివాళ్ళు "ఉండాము" అనేలోపల తర్వాతి పేరు వస్తోంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి పలికి, ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. జొన్నలు పట్టుకుని గంప వైపు పరుగులు. పిల్లలకు ఆటగా ఉంది. తూర్పుదొడ్డి అవ్వ ముసలిది, ఆమె కర్ర ఊతతో లేచి నాలుగడుగులు వేసేసరికి ఎన్నో పేర్లు దాటిపోయాయి. సగం దూరంలో ఆగి, అటూ ఇటూ చూసి, జొన్నలు చెంగులోనే పట్టుకుని వెనక్కి వెళ్ళి కూర్చుంది.

తాత గంప పక్కనే నిలబడి ఉన్నారు. పక్కనే ఒక చేటలో జొన్నలు. ఏదో పేరు వచ్చినప్పుడు చేటలో చేయి పెట్టారు, పిడికిలి ఎత్తేలోపల ఇంకో పేరు, ఇంకో పేరు. ఆయన చేయి గాలిలోనే ఉండిపోయింది. చివరికి చేట మొత్తం ఎత్తి ఒక్కసారిగా గంపలో పోసేశారు. నేను దూరంగా ఆడవాళ్ళలో ఉన్నాను. ఆయన ఏం చేస్తున్నారో చూశాను. ఎందుకో ఆలోచించలేదు. అంతలో నా పేరు పిలిచారు. పెద్దలు నాకు పొన్నాడ కప్పారు. చప్పట్లు కొట్టారు. తాత కూడా కొట్టారు.

ఆ శాలువ కప్పుకుని ఫోటో దిగాను. ఫోన్‌లో ఇంకా ఉంది. దాన్ని చూడలేను, తుడిచేయలేను కూడా.

పండుగ అయిన రెండు వారాలకు తాత మా ఇంటికి వచ్చారు. గొంతు దాదాపు పోయింది, గుసగుసగానే మాట.

"అమ్మణీ, ఆ పాతది ఉండాదా? నువ్వు కడగక ముందుది?"

లేదని నాకు బాగా తెలుసు. నేనే తుడిచాను. ఆ మాట అంటే పెద్దలకు తెలుస్తుంది, శాలువ కప్పిన చేతులే నన్ను ఏమంటాయో అని భయపడ్డాను. అంతకంటే కూడా, నాకు పని రాదని ఆయన అనుకుంటారని భయపడ్డాను.

"ఉంటుంది తాతా. వెతికి ఇస్తాను."

"సరి. మెల్లగా చూడు. తొందర లేదు."

ఆ తర్వాత నేను ఆయన వీధి వైపు వెళ్ళడం మానేశాను. బస్సుకు చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఒకసారి పాల డిపో దగ్గర ఎదురుపడితే, ఆయన అడగకముందే "వెతుకుతున్నాను తాతా" అన్నాను. ఆయన తల ఊపి, నా చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్ చూపించి, "తీగె లేకుండానే వస్తాదా ఇప్పుడు?" అని అడిగారు. తీసి ఆయన చెవిలో పెట్టాను. కాసేపు విని, ఎంతో సంతోషంగా తిరిగి ఇచ్చారు. అదే మా చివరి మాట.

ఆయన దేనికోసం అడిగారో నాకు పదహారోరోజు కార్యంలో తెలిసింది. భోజనాలయ్యాక ఎవరో స్పీకర్‌లో నా ఆడియో పెట్టారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. తూర్పుదొడ్డి అవ్వ మాత్రం నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమే, వాడు నాకోసం పలికేదాన్ని యాడ పెట్టినావు?"

"ఏది అవ్వా?"

"మా పుట్టిల్లు ఎర్రబావివాళ్ళే. మా అన్నతో ఆ ఇల్లు ముగిసె. ఎవరుండారు పలికేదానికి? ప్రతి ఏడూ వాడు ఆ పేరు పిలిచి, కొంజం నిలిచి, అట్ల మొగం తిప్పుకుని వాడే 'ఉండాము' అంటాడు. గుప్పెడు జొన్నలు వాడే వేస్తాడు. మైకులో రాదు. మెల్లగా అంటాడు, గుళ్ళో అమ్మకు మాత్రం వినపడేట్టు. అది వినేదానికే నేను ఏటేటా ముందర కూర్చునేది. పోయిన ఏడు ఎంత చెవి పెట్టినా రాలేదు. ఇప్పుడూ రాలేదు."

అవ్వ ఇంకా చెప్పింది.

"నా ఇల్లు ఒక్కటే కాదులే. ఎన్నో ఇళ్ళకు వాడే పలుకుతాడు. 'మేము ఇంతమందిమి వస్తిమి, ఇప్పుడు లేరని పేరు వదిలేస్తే ఎట్ల?' అంటాడు."

అంటే ఆయన ఆగింది అలసటతో కాదు. తల తిప్పింది దగ్గుకు కాదు. మూడు పొద్దులు నా ఎదురుగా కూర్చుని, లేని ఇళ్ళన్నిటికీ ఒక్కొక్కటిగా పలికారు. మెల్లగా పలికారు కాబట్టి నేను పెట్టిన హద్దుకు అది చప్పుడుగా కూడా లెక్కలోకి రాలేదు. మగ్గంతో పాటు అదీ పోయింది. ఆ బొత్తాం ఒక్కసారి నొక్కి ఉంటే, మగ్గం టకటకల మధ్య నుంచి ఆయన "ఉండాము" అనడం నాకు వినిపించేది.

ఇంటికి వచ్చి డిస్కు మొత్తం వెతికాను. తుడిచినవి తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు మూడు వేసి చూశాను. ఆఫీసులో నాకంటే తెలిసినవాళ్ళను అడిగాను. ఆ చోటంతా కొత్త పాఠాలతో నిండిపోయింది, ఇక రాదన్నారు.

పెద్దల దగ్గరకు వెళ్ళి జరిగింది చెప్పాను. తెలియక చేశావులే అన్నారు. పాతది ఉందని ఆయనకు చెప్పినప్పుడు మాత్రం అది లేదని నాకు తెలుసు. ఆ మాట కూడా చెప్పాను. పొన్నాడ తిరిగి ఇస్తే, అదెందుకు అని నవ్వి నా చేతిలోనే పెట్టారు. పెన్‌డ్రైవ్‌ల సంగతి మాత్రం తేల్చలేదు. అంత బాగున్నదాన్ని ఎందుకు వదలాలి అంటున్నారు. ఒక షరతు మీద వింటామన్నారు. ఏయే ఇళ్ళు ముగిశాయో, ఎవరికి ఎంతసేపు ఆగాలో తెలిస్తే ఈ ఏడు మనిషే నిలబడి పిలవవచ్చు, తెలియకపోతే ఆడియోనే వేస్తాం అన్నారు. తాతకు తెలిసింది ఎవరికీ తెలియదు. అవ్వకు ఐదు ఇళ్ళు గుర్తున్నాయి, మిగతావి లేవు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మునుపటి ఏళ్ళలో మాసి పండుగకు మా ఊరు వచ్చినవాళ్ళు, పిల్లల్నో, చుట్టాల్నో ఫోన్‌లో వీడియో తీసుకున్నవాళ్ళు ఉంటారు. గంపకు దగ్గరగా తీసింది ఏదైనా, ఎంత గలాటాగా ఉన్నా, ఎంత వణికినా, దయచేసి పంపండి. బాగా లేదని దేన్నీ కత్తిరించకండి, శుభ్రం చేయకండి. మీ ఊరి గుడికి ఆ పెన్‌డ్రైవ్ చేరి ఉంటే వేయకండి. మీ పేర్లు మీ ఊళ్ళో ఒక మనిషి పిలవనివ్వండి, గొంతు ఎట్లా ఉన్నా సరే.

మరొకటి. ఇప్పుడు మూడుమోటలవారి ఇల్లు కూడా తాతతో ముగిసింది. ఈ ఏడు ఆ పేరు పిలిచినప్పుడు పలికేదెవరు? ఆ ఇంటివాళ్ళు కొందరు ఒకప్పుడు ఏలకుల తోటల్లో పనికని బోడి వైపు వెళ్ళారని అవ్వ అంటుంది. నిజమో కాదో తెలియదు. మీలో ఎవరైనా ఆ ఇంటివారైతే, లేక మీకు తెలిసినవారెవరైనా అయితే, ఫిబ్రవరి పదో తేదీ లోపల ఈ పత్రిక చిరునామాకు నాకు ఒక్క ముక్క రాయండి. తెలుగు రాయడం రాకపోతే తమిళంలో రాయండి, అదీ కాకపోతే మాట్లాడి పంపండి. రాకపోకల సంగతి నేను చూసుకుంటాను. మీరు వచ్చి నిలబడి పలకండి. ఎవరూ లేరని తెలిస్తే ఆ మాటైనా రాయండి. వేరే ఇంటి ఆడపిల్ల ఆ పేరుకు పలకవచ్చునా అని నేను పెద్దలను అడగాలి.